నాలుగంగుళాల గోడ

ఆ వేసవిలో నేను ఇళ్లు కట్టేదాన్ని. ఇటుకలతో కాదు, కంప్యూటర్లో. జహీరాబాద్‌లో ఉండే ఇంజినీరు సారు తను గీసిన ప్లాన్లు నా ఫోనుకు పంపేవాడు. ఆ గీతల మీద నేను గోడలు లేపి, తలుపులు నిలబెట్టి, రంగులు వేసి, కిటికీలోంచి పొద్దుటి ఎండ హాలులో పడేట్టు చేసి బొమ్మ తయారుచేసేదాన్ని. ఇంకా పునాది కూడా తియ్యని ఇళ్లు అవి. అయినా నా బొమ్మల్లో వాటి గుమ్మాల ముందు మల్లెతీగ పాకి, నిండా పూసి ఉండేది. మల్లెతీగ ప్లానులో ఉండదు. "ఎందుకమ్మా అది?" అని సారు మొదట్లో ఒకటి రెండుసార్లు అడిగాడు. ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు దాన్నే చూసి మురిసిపోతున్నారని తెలిశాక అడగడం మానేశాడు.

మా నారాయణఖేడ్‌లో ఏప్రిల్ దాటిందంటే మధ్యాహ్నం కాకముందే వీధులు ఖాళీ. నేను కిటికీకి తడి దుప్పటి కట్టి, గది చీకటి చేసుకుని, కంప్యూటర్‌కు పని అప్పజెప్పి చాప మీద ఒరిగేదాన్ని. బొమ్మ ఒక్కసారిగా రాదు. వెలుగు ఎక్కడ పడాలి, నీడ ఎంత దూరం సాగాలి అని ఆ డబ్బా తనలో తను లెక్కలు వేసుకుంటూ ఉంటుంది. తెర మీద ముందు ఒట్టి మసక. తర్వాత జల్లెడలోంచి పిండి రాలినట్టు చుక్కచుక్కగా ఒక మెట్టు, ఒక కిటికీ చువ్వ, ఒక ఆకు తేలుతాయి. ఫ్యానుల మోతలో సగం నిద్రపోతూ నేను ఆ ఇళ్లలోకి వెళ్లిపోయేదాన్ని. చల్లటి గచ్చు మీద ఉత్త కాళ్లతో తిరిగేదాన్ని. వంటగది ఎటుందో చూసి, పెరటి తలుపు తీసి, ఎవరో తెలియనివాళ్ల ఇంట్లో కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. మెలకువ వచ్చేసరికి తెర మీద బొమ్మ సగమయ్యేది, చాప మీద నా చెమట మరక మిగిలేది.

మా ఆయన దుర్గేశ్ తాపీ మేస్త్రి. "నేను దినమంత ఎండల నిలబడి ఒక్క గోడ లేపుత. నువ్వు పండుకుని ఊరంత లేపుతున్నవ్ గదనే!" అని నవ్వేవాడు. ఆ ఎండాకాలం ఆయనకు లేపడానికి గోడలు కూడా లేవు. బోర్లు ఎండిపోతే మా దగ్గర ఇళ్ల పనులు ఆగిపోతాయి. పటాన్‌చెరులో ఏదో కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారని దోస్తు ఒకడు చెప్పాడు. అప్పటినుంచి ఆయన మనసు ఇంట్లో లేదు.

"మిర్గం దాంక చూస్త నర్మదా. అప్పటికి నీ పని నిలబడ్డదా, ఈడనే ఉందాం. లేకుంటే తాళమేసి పోవుడే," అన్నాడు.

నా పని నిలబడే దారి ఒకటుంది. జహీరాబాద్ అవతల ఒక కొత్త కాలనీ వేస్తున్నారు. ఆ ఇళ్ల బొమ్మలన్నీ మృగశిర కార్తె లోపల ఇస్తే, ఇక ముందు తన ఆఫీసు పనంతా నాకే అని సారు మాటిచ్చాడు. నాకు ఈ ఇల్లు విడిచి పోవడం చచ్చినా ఇష్టం లేదు. పటాన్‌చెరులో మా చిన్నమ్మ ఉండే గది చూశాను. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ ముక్కుకు తగులుతుంది. ఇళ్లల్లోకి ఎండ పంపించే పని చేస్తూ నేను వెలుగు రాని గదిలో ఎలా బతకాలి? ఆ ఎండాకాలం నేను మొక్కని దేవుడు లేడు. బోరంచ నల్లపోచమ్మకైతే రెండుసార్లు మొక్కాను.

సరిగ్గా అప్పుడే నా కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. ఒక పొద్దున బొమ్మ ముప్పావు వంతు వచ్చాక టక్కున తెర నల్లబడింది. మళ్లీ మొదటినుంచి పెట్టాను. సాయంత్రం మళ్లీ అంతే. మూడోసారి ఆగినప్పుడు నేను ఏడ్చి, ముక్కు తుడుచుకుని, గిద్యోనుకు ఫోన్ చేశాను.

గిద్యోనుది మనూర్. విత్తనాల దుకాణంలో పని చేస్తాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా ప్రాణమంతా కంప్యూటర్ల మీదే. ఎక్కడెక్కడి పాత సామాన్లో ఏరుకొచ్చి నా డబ్బాను కట్టిచ్చింది అతనే. ఫోనులో 'డబ్బా దోస్తులు' అని ఒక గ్రూపు నడిపేవాడు. బీదర్ నుంచి మెదక్ దాకా ఈ రోగం తగులుకున్నవాళ్లంతా అందులో ఉన్నారు. పొద్దున లేస్తే మిగతా లోకం దేవుడి బొమ్మలు పంపుకుంటుంది, వీళ్లు ఎవరి డబ్బా ఎంత వేడిలో నడుస్తున్నదో ఫొటోలు పంపుకునేవాళ్లు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

గిద్యోను బండి మీద వచ్చి, హెల్మెట్ తీయకుండానే డబ్బా మూత తీశాడు.

"వేడి తొంబై దాటితే ఇది తనంతట తనే ఆగుతది అక్క. కాలిపోకుండ పానం కాపాడుకుంటది. మంచిదే."

"ఏం మంచిదిరా! నా బొమ్మ పాయె!"

"బొమ్మ పోతే మల్ల చేసుకుంటవ్. లోపటి కార్డు కాలితే యాడికెల్లి తెస్తవ్?"

బ్రష్షుతో దుమ్ము దులిపాడు. వేడెక్కే చిప్పు మీద కాటుక పెట్టినంత పేస్టు కొత్తగా పెట్టాడు. ఫ్యానులు తిప్పి బిగించాడు. "ముంగట కెల్లి సల్లటి గాలి లోపటికి రావాలె, ఎనుక కెల్లి వేడిగాలి బయటికి పోవాలె. గాలి తొవ్వకు ఏది అడ్డం రావొద్దు. గంతే అక్క, ఇండ్లల్ల అయినా గంతే," అని, తెర వెలగగానే దేవునికి స్తోత్రం చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున అది మళ్లీ ఆగిపోయింది.

ఈసారి దుర్గేశ్ రంగంలోకి దిగాడు. మేము పడుకునే చోటున్న గడ్డి కూలర్ ఈడ్చుకొచ్చి, డబ్బా మూత తీసి, దాని ముఖానికి ఎదురుగా పెట్టాడు. "మనిషికి పెట్టేది మిషిన్‌కు పెడ్తే తప్పేంది?" అన్నాడు. నాకూ తప్పనిపించలేదు. ఒకటి రెండు రోజులు డబ్బా హాయిగా నడిచింది కూడా. తర్వాత ఫ్యాను కిచకిచమనడం మొదలుపెట్టింది. చూస్తే లోపలంతా విభూతి చల్లినట్టు తెల్లగా ఉంది.

"గిదేం పనన్నా!" అని గిద్యోను నెత్తి పట్టుకున్నాడు. "బోరు నీళ్ల సున్నమంత తీస్కపోయి లోపట కొట్టినవ్! జర తడి ఎక్కువైతే కరెంటు కొట్టి మొత్తం పోతుండె."

పళ్లు తోమే బ్రష్షుతో గీకి గీకి బాగుచేశాడు. ఆ ఫొటో గ్రూపులో పెడితే అందరూ పడీపడీ నవ్వారు. డబ్బాకు సున్నం వేసిన మేస్త్రి అని మా ఆయనకు పేరు పెట్టారు. దుర్గేశ్ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

అయితే గిద్యోనుకు ఒక సంగతి మింగుడుపడలేదు. డబ్బా వేడిని రోజంతా గీతగా గీసి చూపించే ప్రోగ్రాం ఒకటి పెట్టి వెళ్లాడు. ఆ గీత పొద్దున ఎక్కుతుంది. ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు దిగుతుంది. పొద్దుగూకే వేళకు మళ్లీ ఎక్కుతుంది. సూర్యుడికి, దీనికి సంబంధమే లేదు. గ్రూపులో పెద్ద పంచాయితీ అయింది. సాయంత్రం అందరూ కూలర్లు వేస్తారు కాబట్టి కరెంటు తగ్గుతుందని ఒకరు, ఫ్యాను ముసలిదైందని ఒకరు, డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టమని ఇంకొకరు. నేను మాత్రం ఆ గీతను చూస్తూ, అది ఏదో కొండల వరస అనుకుంటూ, దాని లోయలో పడుకునేదాన్ని. పని జరిగేది ఆ లోయలోనే. లోయ చిన్నది, కట్టవలసిన ఇళ్లు ఎక్కువ.

పులి మీద పుట్రలా, అయిన బొమ్మలు పంపుదామన్నా ఇంటర్నెట్ నత్తనడక నడిచేది. ఆ ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చిన గిద్యోను, గాలిలో ఎవరెవరి వైఫై ఉందో చూపించే యాప్ ఒకటి తెరిచి నా చేతికిచ్చాడు. రంగురంగుల గుట్టలు. ఒక గుట్ట మీద మా పేరు. దాని మీదే ఎక్కి కూర్చున్నట్టు ఇంకో గుట్ట, దాని పేరు 'సంగమేశ్'.

మా ఇంట్లో ఎవరూ పలకని పేరు అది. సంగమేశ్వర్ మా ఆయనకు సొంత అన్న, నాకు బావ. మా మామ పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు, పెద్దర్ర, అంటే ఇంట్లో పెద్ద గది, దాని నడిమధ్య గోడ పెట్టుకున్నారు. గోడకు ఇటు మేము, అటు బావ, ఆయన పెళ్లాం, అంటే మా యారాలు మణెమ్మ, మా అత్త భీమమ్మ. అప్పటినుంచి మాటల్లేవు. ఆ ఏడు హోలీ తర్వాత కల్హేర్ తొవ్వలో బావ ఆటో బోల్తాపడి కాలు విరిగితే, దుర్గేశ్ దవాఖాన గేటు దాకా పోయి, లోపలికి పోకుండా తిరిగొచ్చాడు. అడిగితే చెప్పులు తెగినయి అన్నాడు.

"మీది, వాళ్లది ఒక్కటే ఛానల్ మీద ఉన్నయక్క," అన్నాడు గిద్యోను. "ఇద్దరు ఒక్కతాన నిలబడి ఒక్కసారే మాట్లాడ్తే ఎవల మాట ఇనవడ్తది? మీరన్న జరగాలె, వాళ్లన్న జరగాలె. నన్ను జరపమంటవా?"

గడపలో కూర్చున్న దుర్గేశ్ తల తిప్పాడు.

"మనమెందుకు జరగాలె? ముందుగాల పెట్టుకున్నది మనం. గాలిల గూడ మనమే జరగాల్నా?"

"అన్నా, జరిగితే పోయేదేం లేదు."

"పోతదో పోదో నాకెర్క. ముట్టకు."

గిద్యోను నా వైపు చూసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే నాకు తెలిసింది. గీత మళ్లీ పైకి ఎక్కుతోంది. డబ్బా వెనుక వైరు ఏదైనా వదులైందేమోనని, బల్లకు గోడకు నడుమ చెయ్యి దూర్చాను. నా వేళ్ల వెనుక గోడ తగిలింది. చురుక్కుమంది. అరచెయ్యి పెట్టి చూశాను. అప్పుడే పెనం దించిన పొయ్యిగట్టులా ఉంది. చెవి దగ్గర పెట్టాను. అవతల తప తప తప అని జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు. ఇన్నాళ్లూ ఆ చప్పుడు నా పగటికలల్లో ఉండనే ఉంది. ఆ ఇళ్లలో ఎవరో వంట చేస్తున్నారనుకునేదాన్ని. డబ్బా దోస్తులంతా కలిసి పట్టుకోలేని దొంగ మా యారాలి పొయ్యి.

బావ కాలు విరిగాక మణెమ్మ రొట్టెలు చేసి అమ్ముతోందని నాకు తెలుసు. పెరట్లో చేస్తోందనుకున్నాను.

మర్నాడు దుర్గేశ్ పని ఏమైనా దొరుకుతుందేమోనని కల్హేర్ పోయాడు. నేను సందు తిరిగి వాళ్ల గడప ఎక్కాను. నిజం చెప్పొద్దూ, కొట్లాడటానికే పోయాను. దారిలో మాటలు కూడా పేర్చుకున్నాను. లోపల పొగలో మణెమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. మా అత్త పిండి పిసుకుతోంది. పొయ్యి మా గోడకు ఆనుకునే ఉంది, మంట గోడను నాకుతోంది.

"ఏమమ్మా యారాలా, తొవ్వ తప్పినవా?" అంది మణెమ్మ, చెయ్యి ఆపకుండానే.

"పొయ్యి ఈడెందుకు పెట్టినవక్కా? నా కంప్యూటర్ ఉడికి ఉడికి చస్తున్నది. కాలనీ పని పోయేటట్టున్నది. అది పోతే మేం పటాన్‌చెరు పోవుడే."

తప తప ఆగింది.

"ముందర్రల మీ బావ పండుకుంటడు, పొగ పడ్తలేదు. పెరట్ల పెడ్తే గాలికి మంట నిలుస్తలేదు. మరి యాడ పెట్టాలె, నా నెత్తి మీదనా?" అంది. తర్వాత కొంచెం మెత్తగా, "పెండ్లిళ్ల రోజులు నర్మదా. ఇప్పుడు చేస్తెనే చేసినట్టు. మీ బావ లేచి ఆటో తోలేదాంక ఈ పొయ్యే మా ఆటో. ఆర్పమని చెప్ప వచ్చినవా?"

నేను పేర్చుకున్న మాటలన్నీ ఆ పొగలోనే కలిసిపోయాయి. ఆర్పమని ఎలా అనను? ఆర్పొద్దని మాత్రం ఎలా అనను? అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాను.

"నువ్వొక్కదానివే పరేషాన్ అయితున్నవా?" మణెమ్మ ఫోను నా వైపు చాపింది. "ఇగో, ఇది సూడు. రొట్టెలు గావాలని పొద్దుగాల పెట్టిన మెసేజ్ పొద్దుగూకినంక వస్తది. పెండ్లోళ్లు తిడ్తున్రు. మొన్న ఒకలు వేరేతాన తీస్కున్రు. రౌటర్ల ఏం దయ్యం సొచ్చిందో."

ఆ దయ్యం ఎవరో నాకు తెలుసు. వాళ్ల మంట మా డబ్బాను కాలుస్తుంటే, మా గాలి వాళ్ల గొంతు నొక్కుతోంది. మా అత్త ఇద్దరి ముఖాలూ చూసింది. ఆమెది బీదర్ దిక్కు. కోపమొచ్చినా ప్రేమొచ్చినా 'అవును' అనే కన్నడ మాటే ముందుంటుంది.

"హౌదు, హౌదు. ఒగలు ఉడికిపోతున్న అంటరు, ఒగలు గొంతు పెగుల్తలేదు అంటరు. కూసో. రొట్టె తిని పో. బక్కగైనవ్."

కూర్చున్నాను. వేడి రొట్టె, పల్లీల కారం. కళ్లు పొగకు మండాయో, రెండేళ్ల తర్వాత ఆ చేతి రొట్టె తిన్నందుకు మండాయో, నీళ్లు మాత్రం కారాయి. ముందర్రలోంచి బావ గొంతు వినిపించింది. "ఎవరొచ్చిండ్రే?"

మణెమ్మ నన్ను చూసింది. "ఎవర్లేరు. రొట్టెలకు వచ్చిండ్రు," అంది.

ఇంటికొచ్చి గిద్యోనుకు ఫోన్ చేసి, ఛానల్ ఎలా మార్చాలో అడిగి మార్చేశాను. దుర్గేశ్‌కు చెప్పలేదు. గాలిలో మేము కాస్త జరిగాం, అంతే. ఎవరి ఇల్లూ చిన్నది కాలేదు.

మంచికి పోతే చెడు ఎదురైనట్టు, దాంతో నా కష్టం రెట్టింపైంది. మణెమ్మ ఫోనుకు మెసేజ్‌లు వేళకు అందసాగాయి. రొట్టెలు ఎక్కువయ్యాయి. పొయ్యి ఇంకా ముందు వెలిగేది, ఇంకా ఆలస్యంగా ఆరేది. గోడ అవతల తప తప చప్పుడు పెరిగిన కొద్దీ నా గీతలో లోయ కురచైపోయింది. బల్లను పెరట్లోని రేకుల గదిలోకి మార్చి చూశాను. అక్కడ పగటి ఎండకు పాపడాలు వేగుతాయి. మళ్లీ తెచ్చి గోడ దగ్గరే పెట్టాను. గది చిన్నది, మంచం తీస్తే తప్ప ఇంకో చోటు లేదు. కాలనీ ఇళ్లు సగం కూడా కాలేదు. ఇంజినీరు సారు ఫోన్ చేశాడు. మిగిలినవి త్వరగా ఇవ్వకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. కసిరి చెప్పలేదు, మర్యాదగానే చెప్పాడు. అందుకే ఎక్కువ భయమేసింది.

ఆ పూట కంప్యూటర్ మా ఇద్దరి కళ్లముందే ఆగిపోయింది. దుర్గేశ్ అప్పటికే అటక మీది సంచి దించి దుమ్ము దులిపాడు. పటాన్‌చెరు దోస్తుకు వస్తున్నానని చెప్పేశాడు.

"ఇగ చాలు నర్మదా. దీన్ని ఇప్పి కట్టు. ఆడికి తీస్కపోదాం. ఆడ సల్లగుంటదేమో," అన్నాడు. తిట్టలేదు, నన్ను ఓదార్చడానికే అన్నాడు. వంగి, బల్ల వెనుక చెయ్యి పెట్టి వైరు పీకబోయాడు.

అలాగే ఉండిపోయాడు. లేస్తాడని చూశాను. లేవలేదు. రెండో చెయ్యి కూడా గోడకు ఆనించాడు.

"పొయ్యి ఈడ ఎప్పట్నుంచున్నది?"

"బావ కాలిరిగినప్పటి సంది."

"నీకెర్కనా?"

"ఈ మధ్యనే ఎర్కైంది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పోయి కొట్లాడుతవ్. పొయ్యి ఆరిపోతది."

కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు, వేలి కణుపుతో గోడను పైనుంచి కింది దాకా కొట్టుకుంటూ వచ్చాడు. ఆ గోడ కట్టింది ఆయనే. పంపకం నాడు టేపు పట్టుకుని అన్నదమ్ములిద్దరూ అంగుళం అంగుళానికి అరుచుకున్నారు. మందం గోడ పెడితే ఎవరి వైపు ఎంత పోతుందని. నా దిక్కు పోనియ్యనంటే నా దిక్కు పోనియ్యనన్నారు. చివరికి ఇద్దరికీ తక్కువ పోయేట్టు, పలచగా, నాలుగంగుళాల గోడ లేపాడు. వేరేవాళ్ల ఇళ్లలో అయితే ఒప్పుకోడు. నాలుగంగుళాల గోడకు వేడి ఆగదు, మాట ఆగదు, పెట్టొద్దు అని ఊరందరికీ చెప్పే మనిషి.

చెప్పులేసుకుని బయటికి పోయాడు. నేను గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. ఇప్పుడు అరుపులు వినిపిస్తాయి, ఇప్పుడు పొయ్యి మీద నీళ్లు పడతాయి అని. ఎంతసేపైనా ఒక్క తప తప చప్పుడే. ఆయన ఆ ఇంటికి పోలేదు. చీకటి పడే ముందు వచ్చి, మంచినీళ్లు తాగి, "పొద్దుగాల బల్ల జరుపు," అని పడుకున్నాడు.

పొద్దున వాకిట్లో ఇటుకలు దిగాయి. సిమెంటు మాలు కలిపి, దారం కట్టి, మా వైపున, ఆ గోడకు కొంచెం ఎడంగా ఇంకో వరస పేర్చడం మొదలుపెట్టాడు. నేను ఇనప గమేళాలో మాలు అందించాను. ఏం చేస్తున్నావని అడగలేదు. ఆయనే చెప్పాడు.

"నడుమ సందు ఉండాలె. గాలి ఆడాలె. మీ గిద్యోను చెప్తడు గద."

తాపీ ఇటుకకు తగిలి ఠంగుమంటుంటే అవతల రొట్టెల చప్పుడు ఆగింది. కర్ర పోటు వేసుకుంటూ ఎవరో నెమ్మదిగా నడిచి వచ్చారు. తర్వాత బావ గొంతు, పక్కనే నిలబడ్డట్టు స్పష్టంగా.

"ఎవడ్రా గోడ కొడ్తున్నది?"

దుర్గేశ్ చేతిలో తాపీ ఆగింది. "నేనే."

"కూలగొడ్తున్నవా?"

"లే. కడ్తున్న."

అవతల పొయ్యిలో కట్టె చిటపటమన్నది కూడా వినిపించింది.

"ఎవరి దిక్కు?"

"మా దిక్కే."

"ఎంత పోతది?"

"పోనియ్."

ఏమైనా అనమని ఎవరికి మొక్కాలో తెలియలేదు.

"సందు పైన మూయకు," అన్నాడు బావ. "వేడి పైకి పోవాలె."

"ఎర్కే."

"ఎర్కైతే మంచిదే." కర్ర చప్పుడు రెండడుగులు వెళ్లి ఆగింది. "నడుమ ఒక పైపు ముక్క పెట్టు. వైరు పోతది. ఒక్క ఇంటికి రెండు కనెక్షన్లెందుకురా?"

దుర్గేశ్ నా వైపు తిరగకుండా, "పైపు ముక్క ఉన్నదా సూడు," అన్నాడు. నేను పెరట్లోకి పరుగెత్తాను.

గోడ పని సాగుతుండగా నా డబ్బా మూతపడింది. సిమెంటు దుమ్ములో దాన్ని తెరవలేం. గిద్యోనుకు చెబితే, "ఇండ్లు పంచుకుందాం అక్క," అన్నాడు. నేను గీసిన ఇళ్ల ఫైళ్లను అతని డబ్బాకు పంపాను. అతను తలా ఒకటి గ్రూపులో పంచాడు. కాలేజీ పిల్లలు, ఫొటో స్టూడియో ఆయన, జహీరాబాద్‌లో మిఠాయి దుకాణం నడిపే ఒకామె, అందరూ తమ డబ్బాలను నా ఇళ్లకు అప్పిచ్చారు. నేను ఫోను పట్టుకుని వాకిట్లో వేపచెట్టు కింద కూర్చుంటే, ఒక్కొక్క ఇల్లే వచ్చేది. బీదర్‌లో ఒక గదిలో నా మెట్ల మీద ఎండ పడింది. మెదక్‌లో ఎవరింట్లోనో నా మల్లెతీగ పూసింది. నేనెప్పుడూ చూడని గదుల్లో, నేను పేర్లు మాత్రమే ఎరిగిన మనుషులు, ఫ్యానుల మోత వింటూ నా ఇళ్లు తేలడం చూస్తూ కూర్చున్నారనుకుంటే ఒళ్లు జలదరించేది. ఇన్నాళ్లూ ఆ ఇళ్లలో నేనొక్కదాన్నే తిరిగాను. ఇప్పుడు వెళితే ఒకళ్లో ఇద్దరో ఎదురుపడేట్టున్నారు.

మృగశిర లోపలే అన్నీ సారుకు చేరాయి. చూసి, బాగున్నాయనో బాగాలేవనో ఒక్క మాట అనకుండా ఇంకో ప్లాను పంపాడు. అదే నాకు పండగ.

అయినా దుర్గేశ్ సంచి గుమ్మం పక్కనే ఉంది. పటాన్‌చెరు మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. దోస్తుకు వస్తానని మాటిచ్చిన మనిషి. నా పని నిలబడిందని తెలుసు. కానీ పెళ్లాం పని మీద ఇంట్లో కూర్చోవడం ఆయన అభిమానానికి పడుతుందో లేదో ఎవరికి తెలుసు? బయల్దేరమంటే నేను కూడా బయల్దేరాలి. ప్రతి పొద్దునా కళ్లు తెరవగానే ముందు ఆ సంచి వైపే చూసేదాన్ని.

మృగశిర వచ్చిన రోజు వీధంతా చేపల కూర వాసన. మొదటి వాన ఇంకా పడలేదు. దుర్గేశ్ కొత్త గోడ మీద మగ్గుతో నీళ్లు చల్లుతున్నాడు. పచ్చి గోడ గటగటా తాగేస్తోంది. రెండు గోడల్లోంచి దూర్చిన పైపు ముక్కలోంచి అవతలి పొయ్యి వెలుతురు రూపాయి బిళ్లంత కనిపిస్తోంది. అందులోంచి మా అత్త, "పిల్లా, చాపల పులుసు పంపుతున్న, గిన్నె తీస్కరా," అని పిలిచింది. వైరు ఇంకా వేయనే లేదు.

అప్పుడే ఫోను మోగింది. పటాన్‌చెరు దోస్తు. అవతలి మాట నాకు వినపడలేదు. దుర్గేశ్ ఫోను చెవికి, భుజానికి నడుమ ఇరికించుకుని, ఇంకో మగ్గు నీళ్లు కొట్టాడు.

"లేదన్నా, ఇప్పట్ల రాను," అన్నాడు. "గోడ పచ్చిగున్నది. నీళ్లు కొట్టేటోళ్లు లేరు."

నేను గిన్నె పట్టుకుని ఆయన వెనకే నిలబడి ఉన్నాను. మేస్త్రి పెళ్లాన్ని, గోడకు నీళ్లు కొట్టడం నాకు రాని పనేం కాదు. పెళ్లయినప్పటినుంచి ఎన్ని గోడలు తడిపానో. ఆ మాట మాత్రం ఆయనకు గుర్తుచేయలేదు.